చీర అందింది ఒక్కరికే

మే నెలలో తిరుపతిలో మా డాబా రాత్రయినా చల్లారదు. ఒక్కపూటైనా నీళ్ల దగ్గర గడుపుదామని నేను, మావారు, మా ఆడబిడ్డ లత ఆదివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని బయలుదేరాం. పుత్తూరు దాకా బస్సులో గంటకు పైగా పట్టింది. అక్కడి నుంచి కాలవ పారే కొండ దగ్గరికి ఆటో, రానూపోనూ ఆరువందలు. డ్రైవరు మునెప్ప బండి ఎక్కించుకుంటూనే హెచ్చరించాడు. "కింద కాలవలో తడవండక్కా. పైన మడుగులోకి మాత్రం దిగొద్దు. లోతు యాడుండాదో మాకే తెలీదు."

బండల మీదుగా అరగంట నడిస్తే మడుగు వస్తుంది. మేం దానికి కాస్త దిగువన, మోకాటి లోతు పారే నీళ్లలో కూర్చున్నాం. మడుగు ఒడ్డున నగరి నుంచి వచ్చిన కుటుంబం ఒకటి వంట చేసుకుంటోంది. పవర్‌లూమ్ మగ్గాలు నడిపే అన్నదమ్ములు శేఖర్, గుణ; శేఖర్ భార్య మంజుల. ఆమె మాకూ ఒక గిన్నెలో కోడికూర పెట్టిచ్చింది. తన భర్తకు ఈత రాదని, నీళ్లంటే భయమని నవ్వుతూ చెప్పింది.

తిన్నాక గుణ గిన్నెలు కడగడానికి వంగి నాచు మీద కాలు జారాడు. ఒడ్డు పక్కనే లోతు. తల ఒకసారి పైకి తేలి మళ్లీ మునిగింది. మేం లేచేలోపే శేఖర్ దూకేశాడు. మేం మార్చుకోవడానికి తెచ్చుకున్న చీరలు రెండు ముడేసి, మావారు మడుగు ఒడ్డుకు పరిగెత్తి విసిరారు. కొస గుణ చేతికి అందింది. ముగ్గురం కలిసి లాగాం. అతను బండ మీద నీళ్లు కక్కుకుంటుండగానే చీర మళ్లీ విసిరాం. పట్టుకునే చెయ్యి కనబడలేదు.

అక్కడ ఫోన్ పలకదు. లత కిందికి పరిగెత్తింది. మునెప్ప ఊళ్లోంచి ఈతగాళ్లను తీసుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. ఎండ దిగే వేళకు శేఖర్‌ను బయటికి తెచ్చారు. గుణ వదిన మొహంలోకి చూడలేకపోయాడు. "నన్నెందుకు లాగితిరన్నా" అని మావారిని అడిగాడు. మంజుల వచ్చి కొంగుతో మరిది తల తుడిచింది.

"నీ కోసరమే గదా దూకినాడు. నువ్వన్నా ఉండు నాయనా."

తిరుగు దారంతా నాకు శేఖరే గుర్తొచ్చాడు. నీళ్లంటే అంత భయమున్న మనిషి ఒక్క క్షణం ఆగలేదు. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. కానీ అతను ఒడ్డునే ఉండి మాతోపాటు చీర పట్టుకుని ఉంటే, సాయంత్రం అన్నదమ్ములిద్దరూ నగరి బస్సు ఎక్కేవాళ్లు. అందుకే ఒక్క మాట: నీళ్ల దగ్గరికి వెళ్తే పొడవాటి తాడు తీసుకెళ్లండి. ఎవరైనా మునిగిపోతుంటే మీరు దూకొద్దు, ఒడ్డు నుంచే తాడు విసిరి, బోర్లా పడుకుని లాగండి.