బైండింగ్‌కి చెప్పిన వయసు

లండన్‌లో చదువుకునే రోజుల్లో, అంటే ఒంటారియోలోని లండన్ లెండి, వారాంతాల్లో ఒక స్కీ కొండ దగ్గర అద్దె షాపులో పని చేసేదాన్ని. మంచు మీద తిన్నగా నిలబడటం రాని నేను జనం కాళ్ళకి స్కీలు బిగించడం! విడ్డూరం కాకపోతే ఏమిటి? అయినా ఆ పని దొరకడమే గొప్ప. మా క్లాసులో సగంమంది తెలుగువాళ్ళమే. ఎక్కడ ఉద్యోగం ఉందన్నా మాకు మేమే పోటీ.

బూటుని స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. వదులైతే ఊరికే ఊడుతుంది. మరీ బిగిస్తే పడ్డప్పుడు కూడా ఊడదు, మోకాలు మెలితిరుగుతుంది. అందుకే బరువు, ఎత్తు, బూటు పొడవు, వయసు అడిగి, గోడ మీది పట్టికలో అంకె చూసి బిగించాలి. యాభై నిండినవాళ్ళకి ఒక మెట్టు తగ్గించాలి. మేనేజర్ మొదటిరోజే ఇది రెండుసార్లు చెప్పాడు.

ఒక శనివారం టొరంటో పక్కనున్న రిచ్‌మండ్ హిల్ నుంచి తెలుగు దంపతులు వచ్చారు. స్కీ చేయడం అంకుల్‌కి అదే మొదటిసారి. నన్ను చూడగానే ఆంటీ, "అమ్మయ్య, మన పిల్లే!" అన్నారు. నేను ఫారం తీసి వయసు అడిగితే అంకుల్ నలభై ఎనిమిది అన్నారు.

"అబ్బో! అది సర్టిఫికెట్ వయసమ్మా," ఆంటీ పకపకా నవ్వారు. "బళ్ళో వేసేటప్పుడు మా మామగారు మూడేళ్ళు మింగేశారు. అసలు యాభై ఒకటి ఈయనకి."

"నువ్వూరుకో. లైసెన్స్‌లో ఏముంటే అదే రాయమ్మా," అన్నారు అంకుల్.

నేనూ నవ్వాను. నాకూ రెండు పుట్టినరోజులున్నాయి మరి. స్టడీ పర్మిట్‌కి అప్లై చేసినప్పుడు ఏజెంటు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు, కాగితానికీ కాగితానికీ తేడా వస్తే కొంప మునుగుతుందని. ఆ భయం ఒంట్లోకి దిగిపోయింది. బైండింగ్‌కి లైసెన్స్‌తో ఏం పని? బుద్ధిలేనిదాన్ని, ఆ ముక్క తట్టలేదు. నలభై ఎనిమిది అని రాసి, ఆ లెక్కనే బిగించాను.

గంట తిరక్కుండానే అంకుల్‌ని స్లెడ్ మీద పడుకోబెట్టి తెచ్చారు. కొత్తవాళ్ళు నేర్చుకునే చిన్న వాలు మీదే పడ్డారట. కుడి స్కీ ఊడలేదు. ఆయన పళ్ళు బిగబట్టి "అమ్మా, అమ్మా" అంటున్నారు. ఒక మెట్టు తగ్గించి ఉంటే ఊడేదేమో. అప్పుడూ ఊడేది కాదేమో. ఇప్పటికీ నాకు తెలియదు.

మేనేజర్ నా ఫారం తీసి లైసెన్స్‌తో, పట్టికతో సరిచూశాడు. అన్నీ కరెక్టే, నీ తప్పేం లేదని భుజం తట్టాడు. అసలు సంగతి చెప్పేద్దామనుకున్నాను. తల మాత్రం ఊపాను.

ఇంతలో ఫస్ట్ ఎయిడ్ అమ్మాయి అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూ, ఆయన వయసెంత అని ఆంటీని అడిగింది. ఆంటీ నా వైపు చూశారు. ఇందాక అంతలా నవ్విన మనిషి ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"ఫార్టీ ఎయిట్," అన్నారు మెల్లగా.

ఆ అమ్మాయికి వినపడలేదు. ఫారం నింపింది నేనే కదా అని నావైపు తిరిగింది.

నలభై ఎనిమిదే అన్నాను. ఈసారి తట్టక కాదు, తెలిసే అన్నాను.