మఖ్మల్‌కు కుట్టిన షేర్వాణీ

మొన్న శుక్రవారం పొద్దున పాలు పోసే మనిషి గిన్నె అందుకోకుండా గుమ్మంలోనే నిలబడి, "టైలర్ చాచా పోయిండు అక్కా, తెల్లారుజామున" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే కదా, "నా జాకెట్టు ఏది చాచా?" అంటే, "రేపు ఇస్త బేటా, రేపు పక్కా" అన్నారు. ఆయన రేపులు ఏ క్యాలెండరుకూ అందేవి కావు. అయినా ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవి. ఈ రేపు ఇక రాదు.

జనగామలో మా వీధి మొదట్లోనే ఆయన దుకాణం. ఒక మిషను, ఒక బల్ల, ఒక కుర్చీ పడితే ఇంకెవరికీ చోటుండదు. వెనక గదిలో కాపురం. చాచీ పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, భూపాలపల్లిలో ఉంటుంది. నా స్కూలు గౌన్లు కుట్టిన చేతులే నా పిల్లల యూనిఫాంలూ కుట్టాయి. మెడలో టేపు లేకుండా ఆయన్ను నేను చూడలేదు. పెళ్లిళ్లకు కూడా టేపుతోనే వచ్చి, భోజనాల దగ్గర ఎవరి చొక్కా భుజాలు ఎక్కడ జారాయో చెప్పేవారు. తన చొక్కాకు మాత్రం గుండీలు సగమే ఉండేవి.

ఆయనకు తోడు ఒక తెల్లపిల్లి. కూనగా ఉన్నప్పుడు వాన పడుతుంటే పేలికల సంచిలోకి దూరిందట. "ఇంత మెత్తటి బట్ట నా దుకాన్ల ఇంకోటి లేదు బేటా" అని మఖ్మల్ అని పేరు పెట్టారు. బల్ల అంచు మీద కత్తెరతో టక్‌టక్‌మని కొడితే చాలు, ఏ పెంకుల మీదున్నా దిగి వచ్చేది.

రెండేళ్ల కిందటి రంజాన్‌లో మఖ్మల్ గిన్నె ముట్టడం మానేసింది. చాచా రోజా ఉన్నారు. అది కూడా ఆయనతో పాటే రోజా ఉంటోందని వీధంతా ముచ్చట. చాచాకు లోపల్లోపల గర్వం. కొలతలకు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నారు. మా అమ్మ కూడా, "లంఖణం పరమౌషధం అంటరు గద. మూగజీవాలకు మనకన్న ఎక్కువ తెలుసు" అంది. మా వైపు ఒళ్లు వెచ్చబడితే ముందు ఆపేది అన్నమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక మధ్యాహ్నం చాచా తెల్ల పాప్లిన్ కత్తిరిస్తుంటే మఖ్మల్ ఆ బట్ట మీద వాలింది. ఎండ సూటిగా పడుతోంది. "బేటా, జర ఇటు రా" అని నన్ను పిలిచారు. "ఈ బట్ట తెలుపు గద? దీని చెవి లోపల సూడు. గిది తెలుపు కాదు." నిజమే. ఉతికినా పోని పసుపు మరకలా ఉంది.

అవి పండుగ ముందు రోజులు. ఏ టైలరూ తలెత్తని కాలం. అయినా ఆయన మిషను మీద గుడ్డ కప్పి షట్టరు దించారు. పిల్లిని పేలికల సంచిలో పెట్టుకుని ఆటోలో పశువుల దవాఖానకు పోయాం. బర్రెల మధ్య, మేకల మధ్య ఆ సంచిని గుండెకు హత్తుకుని నిలబడ్డ చాచా ఇప్పటికీ నా కళ్లలో ఉన్నారు.

"ఎప్పటినుంచి తింటలేదు?" అని డాక్టరమ్మ అడిగింది.

చాచా తల వంచుకున్నారు. "రోజా ఉంటున్నదనుకున్న మేడం."

ఆమె నవ్వలేదు. అందుకు ఆమె అంటే నాకు ఈనాటికీ గౌరవం. "మనకు పడ్డట్టు పిల్లికి ఉపాసం పడదు చాచా. తిండి ఆగితే ఒంట్ల ఉన్న కొవ్వంత లివర్ మీదికొస్తది, గిట్ల కామెర్లయితయి. దీనికి పన్ను కింద చీము పట్టింది, అందుకే ముడుతలేదు" అని ఇంజెక్షన్ చేసి, సెలైన్ పెట్టింది. ఆ తర్వాత లివర్ బలానికి ఒక పొడి, విటమిన్ చుక్కలు రాసింది. "ఇవి ఆసరాకే. తిండి లోపలికి పోకుంటే ఇవేం చెయ్యలేవు. సిరంజితోటి తినిపియ్యాలె. బతుకుతదని మాట మాత్రం ఇయ్యలేను" అంది.

మందుల దుకాణంలో ఉన్న లివర్ టానిక్ బర్రెలకు పోసేదొక్కటే. దుకాణదారు పెద్ద డబ్బా తీసి, "జర తక్కువ పోస్తే అయిపాయె" అన్నాడు. చాచా డబ్బానూ సంచినీ మార్చి మార్చి చూసి, "దీన్నే అండ్ల ముంచొచ్చు" అన్నారు. చివరకు పిల్లులకిచ్చే మందు హన్మకొండ నుంచి బస్సులో తెప్పించాం. మా అమ్మ నేల ఉసిరి పసరు నూరి పట్టుకెళ్లింది. ఆయన చేతులు జోడించి, "డాక్టరమ్మను అడిగి పోస్త అక్కా" అన్నారు. అడిగితే ఆమె వద్దంది. మనుషుల మందేదీ పిల్లికి తోచినట్టు పోయొద్దని గట్టిగా చెప్పింది. మా అమ్మ ఆ పసరును మా నాన్నకు తాగించింది.

నాకు ఆత్రం ఎక్కువ. చుక్కలు ఇంకొన్ని ఎక్కువ వేద్దామన్నాను. చాచా సూదిలో దారం ఎక్కించినంత నెమ్మదిగా చెప్పారు. "టానిక్ అంటే అస్తర్ బేటా, లోపలేసే లైనింగు. లోపల అస్తర్ ఉంటె బట్ట నిలబడ్తది. బట్టనే లేకుంటె ఒట్టి అస్తర్ తొడుక్కొని తిరుగుతమా?" ఇప్పుడు మా పిల్లలు అన్నం వదిలేసి బలం పొడి అడిగినప్పుడల్లా నేను ఈ మాటే అంటాను.

మొదటిసారి సిరంజి పట్టినప్పుడు మఖ్మల్ ఆయన చేతులు రక్కి పెట్టింది. ఆ సాయంత్రానికి చాచా, ఎవరి కోటుకో తెచ్చిన మెరూన్ రంగు వెల్వెట్‌లో మిగిలిన ముక్కతో దానికొక తొడుగు కుట్టారు. నాలుగు కాళ్లూ లోపలే ఉండిపోతాయి, తల ఒక్కటే బయటికి. మెడ దగ్గర నిలువు కాలరు, ముందర గుండీలు. అచ్చం షేర్వాణీ. నాకు నవ్వూ, కోపమూ రెండూ వచ్చాయి. "మా బట్టలకు రేపు, దీనికి ఇయ్యాలనా చాచా?" అన్నాను.

"మీకు రేపు ఉన్నది బేటా. దీనికి లేదు" అన్నారు.

ఇక రంజాన్‌లో మిగిలిన రోజులన్నీ ఆయన పని అదే. ఉప్పు లేకుండా కోడి ఉడికించి, మెత్తగా నూరి, అందులో ఆ పొడి కలిపేవారు. తాను పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, ఆ వాసన పీలుస్తూ, చల్లటి ముద్ద దానికి సయించదని సిరంజిని అరచేతుల మధ్య వెచ్చజేసేవారు. బిస్మిల్లా అని, నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా తినిపించేవారు. కుట్టాల్సిన బట్టలు గుట్టలు పడ్డాయి. అడగడానికి వచ్చినవాళ్లు షేర్వాణీ వేసుకున్న పిల్లిని చూసి, అడగకుండానే వెళ్లిపోయేవారు.

ఒక సాయంత్రం ఇఫ్తార్‌కు నేను పండ్లు తీసుకెళ్లాను. అజాన్ అయింది. చాచా ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారో లేదో, మఖ్మల్ బల్ల కింది నుంచి వచ్చి ఆయన పళ్లెంలో కోడిముక్క వాసన చూసింది. తర్వాత నాకింది. తర్వాత కొరికింది. చాచా కదల్లేదు. పళ్లెం అట్లాగే దానికి వదిలేసి, "ఇగ రోజా ఇడిసింది బేటా" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు, నా కళ్లలోనూ. ఆ పండుగకు వీధిలో చాలామంది పాతబట్టలే కట్టుకున్నారు. ఆయన ఇంటింటికీ షీర్ ఖుర్మా పంచారు. ఒక్కరు కూడా ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు.

డాక్టరమ్మ చాలన్న దాకా ఆ పొడి ఒక్క పూట తప్పలేదు. తర్వాత పిల్లిని పెంచే ఏ ఇంటివాళ్లు వచ్చినా, కొలతల కంటే ముందు, "తింటున్నదా?" అని అడిగేవారు. "రోజా మనుషులకు. పిల్లికి కాదు" అని పంపేవారు.

ఖననం అయిన మరునాడు ఆయన కూతురు మా ఇంటికొచ్చింది. "అక్కా, బాపు పోయిన సంది మఖ్మల్ ఏం ముడుతలేదు" అంది. అప్పటికప్పుడు ఉప్పు లేకుండా కోడి ఉడికించి, నూరి, పట్టుకుపోయాను. నా జాకెట్టు బట్ట, కత్తిరించి కూడా లేదు, మిషను కింద పరిచి ఉంది. దాని మీద ముడుచుకుని పడుకుంది మఖ్మల్. గిన్నె దగ్గరికి జరిపితే మొహం తిప్పుకుంది. వేలికి రాసి పెట్టినా అంతే. పొద్దు తిరిగేలోగా తినకపోతే దవాఖానకు తీసుకెళ్దామన్నాను. దీనికి రేపు లేదన్న మాట చెవుల్లోనే ఉంది.

కూతురు ఏమనుకుందో, బల్ల మీది కత్తెర తీసి అంచు మీద టక్‌టక్‌మని కొట్టింది.

మఖ్మల్ దిగ్గున లేచింది. ఒక్క గంతులో కుర్చీ ఎక్కి, అందులో అంతా వాసన చూసింది. గుమ్మం వైపు చాలాసేపు చూసింది. ఆ తర్వాత దిగి, నా దగ్గరికి వచ్చి, గరుకు నాలుకతో నా వేలు నాకడం మొదలుపెట్టింది. గోడకున్న మేకుకు చిన్న షేర్వాణీ వేలాడుతోంది. మఖ్మల్ గిన్నె ఖాళీ చేసే దాకా చాచా కూతురు కత్తెర కింద పెట్టలేదు.