పెద్దమ్మ సొంత సంగతి

మా పెద్దమ్మ చేత ఆమె గురించి ఒక్క ముక్క చెప్పించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. లోకంలో ఎవరి గురించైనా గంటలు గంటలు చెబుతుంది. తన గురించి అడిగితే మాత్రం నోట మాట రాదు.

ఆమె మా అమ్మకు అక్క. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఇన్నేళ్లూ ఓ దుప్పట్ల దుకాణంలో పనిచేస్తూ దాని మేడ మీద గదిలోనే ఉండేది. యజమాని దుకాణం ఎత్తేయడంతో పనీ గదీ ఒకేసారి పోయి, మా రెండు గదుల ఇంటికి వచ్చి చేరింది. వారం తిరక్కుండానే నా వంటింటి డబ్బాలన్నీ చోట్లు మారాయి. చక్కెర కోసం చెయ్యి పెడితే ఉప్పు తగిలేది. ఫోన్ మాట్లాడుతుంటే పక్కన నిలబడి అవతల ఎవరని అడిగేది. ప్రేమ లేక కాదు గానీ, ఆమెకు ఉద్యోగం దొరికి, వీధి చివర ఖాళీగా ఉన్న ఒంటిగది అద్దెకు తీసుకుంటే తప్ప మా ఇద్దరి మధ్యా మాటలు మిగలవని నాకు అర్థమైపోయింది.

అనుభవం ఉంది కాబట్టి షాపులవాళ్లు ఇంటర్వ్యూకి పిలిచేవారు. వచ్చిన చిక్కల్లా ఒక్క ప్రశ్నతోనే. ఈ కాగితంలో లేనిది మీ గురించి ఏదైనా చెప్పండి అంటారు. చెప్పుల షాపులో అడిగితే మా ఆయన గురక గురించి చెప్పొచ్చింది. అటు వెళ్లాలంటే ఆయనకు ఇప్పటికీ మొహం చెల్లదు. గాజు సామాన్ల షాపులో నేను పదో తరగతి లెక్కల్లో తప్పిన కథ ఎత్తుకుని, మా మామయ్య మోకాళ్ల ఆపరేషన్ దగ్గర ఆపింది.

ఇక లాభం లేదని ఇంట్లో కూర్చోబెట్టి నెత్తీ నోరూ కొట్టుకుని నేర్పాను. తనకు ఓపిక ఎక్కువనీ, కొనేవాళ్లతో మాట్లాడటం ఇష్టమనీ చెబితే చాలన్నాను. బుద్ధిగా తలూపింది. అప్పజెప్పమంటే ఓపిక దగ్గర మొదలుపెట్టి, ఆ ఓపిక తన చెల్లెలి కూతురికి బొత్తిగా లేదని ముగించింది. ఆ చెల్లెలి కూతుర్ని నేనే.

మూడోసారి పిలిచింది ఓ పెద్ద షాపులో దుప్పట్లు, కర్టెన్ల విభాగంవాళ్లు. నేనూ వెంట వెళ్లాను. మేనేజరు గది తలుపు ఓరగా వేసి ఉంది. బయట దిండ్ల గుట్ట పక్కన కూర్చుని చెవులు రిక్కించాను. ఆ ప్రశ్న రానే వచ్చింది. పెద్దమ్మ నా వంటింటి డబ్బాల గురించి అందుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మేనేజరు, చిన్నపిల్లే, ఆమెను మధ్యలో ఆపింది.

"అది మీ చెల్లెలి కూతురి సంగతండీ. మీ సంగతి చెప్పండి."

దిండ్ల పక్కనుంచి లేచి నిలబడ్డాను. లోపలికి వెళ్లి నేనే చెప్పేద్దామా అనిపించింది.

"నాకు ఒక్కదాన్నే ఉండాలని ఉంటుందమ్మా," అంది పెద్దమ్మ. "నన్నెవరూ పిలవకూడదు. ఓ పూటంతా."

"అంటే, మనుషులంటే ఇష్టం ఉండదా?"

"ఇష్టమే. పొద్దస్తమానం వాళ్ల సంగతులే చూసుకుంటూ ఉంటే, ఇదిగో, మీరడిగితే నాదేంటో వెతుక్కోవాల్సొచ్చింది."

అమ్మకాల ఉద్యోగానికి వచ్చి చెప్పే మాటేనా అది? తిరిగొచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా దులిపేశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ ఎదుటి సీటాయన ఎవరో గానీ బాగా చిక్కిపోయాడని మాత్రం అంది.

రెండ్రోజులకు మేనేజరు ఫోన్ చేసింది. కౌంటర్ దగ్గరికి కాదట. పైన గోదాములో వచ్చిన సరుకు విప్పి, చూసి, మడతపెట్టే మనిషి కావాలట. అక్కడ ఒంటరిగా ఉండలేక ముందున్నవాళ్లంతా మానేశారట. పెద్దమ్మ మర్నాడే చేరింది. మొదటి జీతం రాగానే ఆ ఒంటిగదిలోకి మారిపోయింది.

ఆమెకు వచ్చిన మొదటి సెలవు రోజున, ఏం తింటోందో ఏమోనని క్యారేజీ కట్టుకుని వెళ్లాను. లోపల రేడియో సన్నగా వినిపిస్తోంది. తలుపు కొట్టాను. రేడియో ఆగింది.

"నేనే పెద్దమ్మా."

"ఏమైనా పనుందా?"

"లేదు, ఊరికే వచ్చా."

మెత్తగా అంది.

"అయితే రేపు రావే."

రేడియో మళ్లీ మొదలైంది. ఈవిణ్ణి ఇంట్లోంచి ఎలా పంపాలా అని అన్నాళ్లు తల బద్దలు కొట్టుకున్నదాన్ని, క్యారేజీ పట్టుకుని ఆ మూసిన తలుపు ముందు ఏడుపు ఆపుకోలేకపోయాను.