మూడో దించుడుబండ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా అమ్మ నమ్మనిచ్చేది కాదు. చీకట్లో ఏదో కదిలిందని ఏడిస్తే దీపం చేతికిచ్చి, "పోయి చూసిరా. పిల్లి అయితే పాలకుండ మీద మూత పెట్టిరా" అనేది. అట్లా పెరిగినదాన్ని. జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. ఆత్మకూరులో ఆడపిల్లల బడి బోర్డింగులో వంట చేసేదాన్ని. మాది కలువాయి పక్క పల్లె. నా చదువు మూడో తరగతి. అప్పటికి ఉదయగిరి మొహం కూడా చూడలేదు. మావాళ్ళలో ఎవరూ అక్కడ పుట్టలేదు, అక్కడ మెట్టలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు రత్నమ్మ టీచరు ఒక పట్టు పట్టింది. రాజులు ఏలిన ఉదయగిరి ఊరు, కొండమీది కోట పిల్లలకు చూపించాలని. పాఠంలో చెప్పడమేగాని మా బడి ఆడపిల్లలు అంతవరకూ ఎక్కడికీ పోయింది లేదు. అంతకు ముందేడు మగపిల్లల బడివాళ్ళు పోయి, కొండమీద నీళ్ళు దొరక్క, నాలుకలు పిడచకట్టి సగంలోనే దిగొచ్చారు.

ఒకరోజు పట్టపగలు, పిల్లల అన్నాలు అయిన తర్వాత, బడి మేనేజరుగారు వంటసాల ముందర బెంచీ మీద కూర్చున్నారు. టీచరు నోటుబుక్కు తీసి అంతా చదివింది. ఎన్ని గంటల బస్సు, రాత్రి ఉదయగిరిలో ఏ బడిలో పడక, పులిహోరకు ఎన్ని శేర్ల బియ్యం, పంతొమ్మిదిమంది పిల్లల్లో ఎవరి పక్కన ఎవరు.

"అంతా బాగుండాది టీచరమ్మా. కొండమీద నీళ్ళు యాడుండాయి? అది చెప్పు" అన్నారాయన. "చెప్పలేకపోతే ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ ఈ మాట నా ముందర ఎత్తొద్దు."

టీచరు నోటుబుక్కు పేజీలు వెనక్కి తిప్పింది. తలుపు చాటున పిల్లలు నిలబడి వింటున్నారు. నేను ఆయనకు మజ్జిగ గ్లాసు అందిస్తున్నాను.

"మూడో దించుడుబండ కాడ దొన ఉండాది. ఎడం పక్కన. పలకరాయి కప్పి ఉంటాది, జరిపితే నీళ్ళు."

ఆ మాటన్నది నేనే. గ్లాసు నా చేతిలోనే ఉంది. నా గొంతు నాకే వినబడింది.

"ఏంది మే, నువ్వెప్పుడు ఎక్కినావు ఉదయగిరి కొండ?"

"ఎక్కలేదయ్యా."

ఆయన పగలబడి నవ్వారు. "రాసుకో టీచరమ్మా, రాసుకో! వంటామె మాట మీద కొండెక్కండి. నీళ్ళుంటే సరే. లేకపోతే ఆ బడిగేటు నేను మళ్ళీ తెరవను."

టీచరు నిజంగానే రాసుకుంది, సిరాతో. ఆయన వెళ్ళాక నేను ఆమెను మెల్లగా అడిగాను: "దొన అంటే ఏందమ్మా?" ఆమె నా మొహం వంక చూసి, "కొండరాతిలో వాననీళ్ళు నిలిచే గుంట" అంది. మా పల్లెలో ఆ మాట లేదు.

దించుడుబండ అంటే తెలుసు. నెత్తిన గంప ఉన్న మనిషి ఇంకొకరి సాయం లేకుండా బరువు దించుకోవడానికి బాట పక్కన తలెత్తున నిలబెట్టిన రాళ్ళు. అవి ఆ కొండమీద ఉన్నాయని నాకెవరు చెప్పారు?

ఉదయగిరిలో మాకు దారి చూపించడానికి మస్తానయ్య వచ్చాడు. కొండమీద కర్ర కొట్టుకొచ్చి గరిటెలు చెక్కే మనిషి. నీళ్ళ సంగతి అడిగితే నోరు చప్పరించాడు. "కోనేరు ఎండి నెలయింది తల్లీ. దించుడుబండలంటారా, నేనైతే చూళ్ళేదు. మేము మోపు భుజాన వేసుకునేవాళ్ళం. మాకెందుకవి?"

తెల్లవారి ఎక్కడం మొదలుపెట్టాం. పులిహోర గంపలు పెద్దపిల్లల నెత్తిన, నా నెత్తిన. రెండు కూజాల నీళ్ళు సగం దూరానికే అడుగంటాయి. చిన్నపిల్లలు కూలబడుతున్నారు. నాకొకటే భయం. నా నోటిమాట వల్ల వీళ్ళు మళ్ళీ గేటు దాటరేమో అని.

అంతలో సుగుణ అనే పిల్ల, "అక్కా, ఈడ గంప దానంతటదే ఆనుకుంది!" అని కేక పెట్టింది. తీగలు కప్పేసిన రెండు నిలువురాళ్ళు, వాటి మీద ఒక అడ్డబండ. సరిగ్గా ఆడమనిషి తలెత్తు. మస్తానయ్య తీగలు కొట్టేసి నోరు తెరిచాడు.

ఆ తర్వాత కాళ్ళల్లో బలం ఎక్కడినుంచి వచ్చిందో! పిల్లలు వెతుక్కుంటూ పరిగెత్తారు. రెండోది దొరికింది. ఇంకో మలుపు తిరిగితే మూడోది. దానికి ఎడం పక్కన, ఎండుటాకుల కింద పలకరాయి. మస్తానయ్య, నలుగురు పిల్లలు కర్ర దూర్చి పెకలించారు.

నల్లగా, చల్లగా, నిండుగా నీళ్ళు.

ముందు మస్తానయ్యే దోసిట పట్టి తాగాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ బాటనే తిరగతా ఉండానే!" అని నెత్తి కొట్టుకున్నాడు. కోటలోకి చల్లకుండలు మోసిన ఆడవాళ్ళు దాచుకున్న నీళ్ళయి ఉంటాయంది టీచరు. పంతొమ్మిదిమందీ కడుపునిండా తాగి, కొండ కొనన కోట దాకా ఎక్కి, కింద ఊరంతా వినబడేట్టు కేకలు పెట్టారు. ఆ కేకలు నాకు ఇప్పటికీ వినబడుతుంటాయి.

ఒక చెంబునిండా ఆ నీళ్ళు పట్టి, మూతికి గుడ్డకట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మేనేజరుగారు పిల్లలందరి ముందూ గటగటా తాగారు.

"తియ్యగా ఉండాయే! నిజం చెప్పుమే, నీకెవురు చెప్పినారు?"

"నేనే గదయ్యా చెప్పింది, మీ ముందరే!"

పిల్లలు విరగబడి నవ్వారు. ఆయన కూడా నవ్వి, గేటు తాళంచెవి తీసి టీచరు చేతిలో పెట్టారు. ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ ఏటా మా పిల్లలు ఆ కొండెక్కారు. మూడో బండ మీదే గంపలు దించారు.

మా అమ్మ బతికుండగా అడిగాను, మా అత్తను అడిగాను. ఉదయగిరి మాట మా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. టీచరు నోటుబుక్కులో ఆ వాక్యం, కొండకు పోకముందు రాసింది, నా కళ్ళతో ఎన్నోసార్లు కూడబలుక్కుని చదువుకున్నాను. దయ్యమని ఇప్పటికీ అనను. నోరు నాదే. మాట ఎవరిదో నాకు తెలియదు.