కిటికీలో పింగాణి కుక్కలు

మా దీవిలోని రేవూరు మార్‌స్టల్‌లో ఓడెక్కి వెళ్లినవాడి ఇంటి కిటికీలో రెండు పింగాణి కుక్కలు సముద్రం వైపు చూస్తుంటాయి. మనిషి తిరిగొచ్చిన రోజున ఇంటావిడ వాటి మొహాలు లోపలికి తిప్పుతుంది. ఇక వేరే చాటింపు అక్కర్లేదు.

మా అమ్మమ్మ అబెలోన కుక్కలు రెండు చలికాలాలుగా బయటికే చూస్తున్నాయి. తాతయ్య ఈవర్ స్వీడన్ నుంచి కలప వేసుకుని బయల్దేరి, నవంబరు తుఫానులో ఓడతో సహా కనబడకుండా పోయాడు. ఓడ పేరు చెక్కిన పలక ఒక్కటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అమ్మమ్మ దాన్ని బొగ్గుల కొట్లో పెట్టి, ఆయనొచ్చాక మళ్లీ బిగించుకుంటాడులే అంది. చర్చి దొడ్లో పేరు చెక్కిన రాయి నిలబెడదామని పాస్టరుగారు వచ్చి అడిగినప్పుడల్లా, కుక్కలింకా బయటికే చూస్తున్నాయి కదండీ అంటూ కాఫీ పోసేది. మొండితనంలో ఆవిడకు ఊళ్లో పోటీ పాలవాడి గుర్రం ఒక్కటే. అదీ ఆ ఏడే చచ్చిపోయింది.

వేసవిలో మా పాత వీధులు చూడటానికి జనం ఫెర్రీ దిగేవాళ్లు. కిటికీ ఉన్న ముందుగదిని అమ్మమ్మ వాళ్లకు అద్దెకిచ్చేది. వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మం ఎత్తు చాలక తల కొట్టుకునేవాళ్లు. ఒక్కరికీ ముందుగా చెప్పేది కాదు మహాతల్లి.

ఆ జులైలో ఒక జర్మను టీచరమ్మ దిగింది. మంచి మనిషి. వెళ్లే రోజు పొద్దున, వెనక సముద్రం, ముందు కుక్కల మొహాలు పడేలా ఫొటో తీసుకోవాలని వాటిని లోపలికి తిప్పింది. తీసుకుంది. అలాగే వదిలేసి, పక్క దుప్పటి చక్కగా మడతపెట్టి, ఫెర్రీ అందుకుంది.

అమ్మమ్మ అప్పటికే చేపలకని రేవుకు వెళ్లింది. తిరిగొస్తుంటే, రేవులోకి ఓడలకు దారి చూపే ముసలి పైలట్, ఎన్నడూ పలకరించనివాడు, టోపీ తీశాడు. బేకరీ డోర్తెయా పరుగున వచ్చి వెన్నరొట్టె ఒకటి బుట్టలో కుక్కింది.

"అంత దాపరికమేంటక్కా మా దగ్గర? తీసుకెళ్లు. ఆయనకిదంటే ప్రాణం కదా."

దీనికి పొద్దున్నే ఎక్కినట్టుంది అనుకుంది అమ్మమ్మ. ఎదురింటివాళ్లు, పుట్టినరోజులకు అందరూ ఎగరేసే జెండా ఎగరేసి ఉంటే, ఎవరి పుట్టినరోజో మర్చిపోయానని తనను తాను తిట్టుకుంది. అప్పుడు తలెత్తి తన కిటికీ చూసింది. కుక్కల వీపులు కనబడ్డాయి.

పరుగెత్తలేదు. జుట్టు సవరించుకుంది. ఏప్రన్ విప్పి చేపల మీద కప్పింది. చెక్కచెప్పులు గుమ్మంలో విడిచి, లోపలికి వెళ్తూనే ఎప్పటిలా సణిగింది.

"బూట్లతోనే వచ్చేశావా ఈవర్? పొద్దున్నే నేల కడిగాను."

నేల మీద బూట్ల మరకలు లేవు. వంటింట్లో చూసింది, పడకగదిలో చూసింది, పెరట్లో చూసింది. బొగ్గుల కొట్టు తలుపు కూడా తీసింది. పలక అక్కడే ఉంది. చివరికి ముందుగదిలోకి వచ్చి, మడతపెట్టిన దుప్పటినీ కుక్కలనూ మార్చి మార్చి చూసింది. అర్థమైంది.

ఈలోగా గుమ్మం నిండా జనం. ఒకరి చేతిలో సారా సీసా, ఇంకొకరి చేతిలో పూలు. డోర్తెయా అందరికంటే ముందుంది.

"ఏడక్కా మా బావ? గురకపెడుతున్నాడా అప్పుడే?"

"లేడు," అంది అమ్మమ్మ. "రాలేదు. ఎవరో తిప్పేశారు వాటిని."

ఆవిడ కాసేపు ఆ సీసా వైపే చూసింది.

"ఇంక రాడు, డోర్తెయా."

అంతవరకు ఆ మాట ఆ నోట రాలేదు. ఎదురింటాయన వెళ్లి జెండాను సగానికి దించాడు. డోర్తెయా రొట్టె కోసి అందరికీ పెట్టింది. వాళ్లు వెళ్లాక అమ్మమ్మ కుక్కలను పాత పేపరులో చుట్టి, పలక పక్కన పెట్టింది.

సాయంత్రం తనే పాస్టరుగారింటికి నడిచింది. రాయి చెక్కించమంది. ఏ తేదీ వేద్దామమ్మా అని ఆయన అడిగాడు.

"ఇవాళ్టిదే వెయ్యండి," అంది. "పొద్దుటిదాకా బతికే ఉన్నాడు."

అలా కుదరదని, నవంబరే వెయ్యాలని ఆయన మెల్లగా చెప్పాడు. ఉప్పు ధర దగ్గర కూడా గంటసేపు వాదించే మనిషి, సరేనని తలూపి ఇంటికొచ్చేసింది.