తువ్వాలు కింద నాగప్ప చెయ్యి

నిన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. నాగప్ప కొడుకు.

"నాయన పోయినాడు పెదనాయనా."

"ఎన్నింటికి?" అన్నాను. టైము చెప్పి ఫోన్ పెట్టేశాడు.

రోజూ రాసుకునే పుస్తకంలో "నాగప్ప లేడు" అని రాశాను. దాని కింద ఇంకేం రాయాలో తెలియలేదు. అందుకే ఇక్కడ, మీ అందరికీ రాస్తున్నాను.

మీలో చాలామందికి నాగప్ప తెలియదు. తొంభై దగ్గర పడిన ముసలివాళ్ళం మేము. మాకు ఇరవై ఏళ్ళప్పుడు ఆదోనిలో పత్తి మండీల్లో పనిచేశాం. పక్కపక్క మండీలు. ఇద్దరికీ వేరువేరు సావుకార్లు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసిన రోజులు.

నాగప్పది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. మనిషి కళ్ళలోకి చూసేవాడు కాదు. ఎదుటివాళ్ళు కోపంగా ఉన్నారో, వేళాకోళం ఆడుతున్నారో అతనికి తెలిసేది కాదు.

మండీలో అందరికీ అదొక ఆట.

"నాగప్పా, మీ సావుకారు కోపంగా ఉన్నాడా, ఆకలిగా ఉన్నాడా, సెప్పు సూద్దాం."

"ఉండు, అడిగొస్తా."

నిజంగానే లోపలికి వెళ్ళి అడిగాడు. "రెండూ రా" అని సావుకారు అరిచింది బజారు దాకా వినిపించింది. నాగప్ప బయటికి వచ్చి "రెండూ అంట" అని చెప్పి తన పని చూసుకున్నాడు.

ఇప్పుడు మా మునిమనవడికి ఆటిజం అన్నారు డాక్టర్లు. ముఖం చూసి మనసు పట్టుకోవడం ఇలాంటి పిల్లలకు కష్టమట. విన్నప్పుడు నాగప్పే గుర్తొచ్చాడు. అతనికి ఉన్నది అదేనా అంటే చెప్పలేను. నేను డాక్టర్‌ను కాను. ఆ రోజుల్లో దానికి పేరు లేదు. "తిక్కలోడు" అనేవాళ్ళం.

అలాంటి మనిషిని అతని సావుకారు బేరానికి కూర్చోబెట్టాడు.

అప్పట్లో పత్తి బేరం నోటితో జరిగేది కాదు. రైతు చేతి మీద తువ్వాలు కప్పేవారు. కొనేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టి, రైతు వేళ్ళు నొక్కి ధర చెప్పేవారు. పక్కవాడికి తెలియకూడదు. చెయ్యి లోపల ఉన్నంతసేపు ధర గురించి గానీ, ఇంకే సంగతి గానీ నోరు విప్పకూడదు. అందరూ ముఖాలే చూస్తుంటారు. నాగప్ప ముఖంలో ఏమీ దొరికేది కాదు. అందుకే అతని సావుకారుకు అతను పనికొచ్చాడు.

నాకు మాత్రం మనుషులను చదవడం వచ్చని పేరు.

ఒకరోజు మాధవరం నుంచి ఒక రైతు బండి తోలుకొని ఒంటరిగా వచ్చాడు. ఎండలు ముదురుతున్నాయి. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు.

"మా తుంగభద్రలో నీళ్ళు తగ్గినాయేమో గాని, మా పత్తిలో తెలుపు తగ్గలేదప్పా" అని అందరినీ నవ్వించాడు.

ముందు మా మండీ తరఫున నేను చెయ్యి పెట్టాను. ధర నొక్కాను. చెయ్యి తీశాను.

తర్వాత నాగప్ప పెట్టాడు. పెట్టి, ధర నొక్కలేదు.

"నీ సెయ్యి కాల్తాండాది. జరం ఉండాది నీకు" అన్నాడు పైకే.

రైతు చెయ్యి లాక్కున్నాడు. "ఏం లేదప్పా. ఎండకు బండి తోలినా, అంతే."

"ఎండకు ఇంత కాలదు. ఎన్ని దినాలాయ?"

"బేరానికొచ్చినావా, నాడి సూసేకొచ్చినావా?" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. రైతు నవ్వలేదు. అవసరం బయటపడితే ధర పడిపోతుంది. అందుకే అంతసేపూ హుషారు నటించాడు.

నాగప్ప మళ్ళీ అడిగాడు. "ఎన్ని దినాలాయ?"

"నాలుగు" అన్నాడు రైతు. ఆ మాట అని అక్కడే కూలబడ్డాడు.

నాగప్ప అతన్ని అదే బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తోలాడు. అంతకు ముందు, బండిలోంచి పత్తి దించేటప్పుడు "మొదట ఎవరు నొక్కినారో వాళ్ళకే ఇచ్చేయండి" అన్నాడు రైతు. అంటే నాకు.

పన్నెండు రోజులు నాగప్ప ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. ఎందుకని అడిగితే, "ఆయనకు ఈ ఊర్లో తెలిసినోళ్ళు లేరు" అన్నాడు. రైతు బతికి ఊరికి వెళ్ళాడు.

నాగప్ప పని పోయింది. "మనిషి మనసు తెలీనోనికి మండీలో ఏం పని? పోయి మగ్గం నేసుకో పో" అన్నాడు అతని సావుకారు. నాగప్ప దాన్ని తిట్టుగా తీసుకోలేదు. మగ్గం నేయడం అతనికి వచ్చు. ఎమ్మిగనూరు వెళ్ళి నేసుకున్నాడు.

నన్ను మా సావుకారు మెచ్చుకున్నాడు. పత్తి చవకగా వచ్చింది మరి.

ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఇప్పుడు చెబుతున్నాను.

నాగప్ప కంటే ముందు ఆ చెయ్యి పట్టుకున్నది నేను. కాలుతోందని నాకూ తెలిసింది. ఈ మనిషి ఎక్కువసేపు నిలబడలేడు, ఎంతకైనా ఇస్తాడు అనుకున్నాను. మనసులో అనుకున్న ధర కంటే తగ్గించి నొక్కాను.

ఆ తర్వాత నాగప్పను చాలాసార్లు కలిశాను. పోయిన ఏడు కూడా ఎమ్మిగనూరు వెళ్ళి అతని పక్కన ఒక పూటంతా కూర్చున్నాను. చెప్పాలనే వెళ్ళాను. చెప్పలేదు. నా ముఖం చూసి అతనే గ్రహిస్తాడని ఎదురు చూశాను.

అతనికి అది రాదని నాకు తెలుసు. అడిగితే, చెబితే తప్ప తెలియదని తెలుసు.

లేచేటప్పుడు "ఏమన్నా సెప్పాల్నా?" అని అడిగాడు.

"ఏం లేదప్పా" అన్నాను.

అతను నమ్మాడు.

నాగప్పా, పోయిరా. ఎవరి ముఖాలూ చదవనక్కరలేని చోట, నీకు నెమ్మది దొరకాలి.