ఓడకు దొరికిన సెలవు

మా బాబాకు ఒక ఓడ ఉంది. బాబా అంటే కువైట్‌లో మా యజమాని. జహ్రాలో ఆయన ఇంటి దివానియాలో, అంటే మగవాళ్ళు కూడి కబుర్లాడుకునే గదిలో, అద్దాల పెట్టెలో పెట్టుకున్న బొమ్మ ఓడ. పేరు మిస్సోరీ. అమెరికా వాళ్ళ యుద్ధనౌక. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మంట. రోజూ దాన్ని తుడిచే తిరుపాలమ్మకన్నా ఆ ఇంట్లో దానికే మర్యాద ఎక్కువ.

నేను ఆ ఇంటి డ్రైవర్ని, రాయచోటి వసీమ్‌ని. సాయంత్రం వచ్చినవాళ్ళకు గహ్వా పోసేదీ నేనే. ఆ చేదు కాఫీ పోస్తూ ఓడ చరిత్ర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జపాన్ లొంగిపోతూ సంతకాలు పెట్టింది దాని మీదే. తర్వాత కొరియా యుద్ధానికి వెళ్ళింది. ఆపైన ముప్పై ఏళ్ళు రేవులో కట్టేశారు. ముసలిదైపోయిందనుకున్న దాన్ని బాగుచేసి మళ్ళీ నీళ్ళలోకి దింపితే, తొంభై ఒకటిలో ఇటొచ్చి, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైన్యం మీద ఒక్కోటి కారంత బరువున్న గుండ్లు వేసింది. "మా కోసం ముసలితనంలో లేచొచ్చింది," అంటూ బాబా కళ్ళు తుడుచుకుంటాడు.

తిరుపాలమ్మదీ అలాంటి సర్వీసే. చెప్పుకునేవాడు లేడు, అంతే తేడా. పీలేరు దగ్గరి మనిషి. వయసులో వచ్చి బాబా తల్లికి చాకిరీ చేసింది, ఆయన పిల్లలను ఎత్తి పెంచింది. ఆ పిల్లల కాన్పులకు ముబారక్ అల్ కబీర్‌లోని కూతురింటికి ఒకసారి, రిగ్గైలోని కూతురింటికి ఒకసారి అరువు వెళ్ళింది. గిన్నెలు అరువిచ్చినట్టు మనిషిని అరువిచ్చారు. మోకాళ్ళు అరిగాక ఖలాస్ అనుకుని ఊరు చేరింది. ఇంతలో ఇంటి మామాకు, అంటే బాబా భార్యకు, పక్షవాతం వచ్చింది. "ఒక్క ఏడాది రా, నీ చేతి ముద్ద తప్ప ఆమె ముట్టదు," అని బాబా ఫోన్ చేశాడు. పిచ్చితల్లి, వచ్చింది.

మామా పోయి రెండేళ్ళు. పాస్‌పోర్టు బాబా బీరువాలోనే ఉంది. అడిగినప్పుడల్లా రంజాన్ కానీ, ఎండలు తగ్గనీ అంటాడు. ఆయన మాటలు కోటలు దాటుతాయి, పాస్‌పోర్టు మాత్రం బీరువా దాటదు.

"ఇంగ నాతో కాదు నాయనా," అంది ఒకరోజు. "మెట్లెక్కాలంటే పానం పోతాండాది. ఈడనే సచ్చిపోతానేమో అని బయమైతాంది."

"ఎంబసీకి పోదాం పా పెద్దమ్మా."

"దొంగదాని మాదిరి నేనేల పారిపోవల్ల? ఆయప్ప చేతనే ఇప్పించుకుంటా."

ఇక్కడివాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఏదైనా కోరి వచ్చినవాడు పోసిన గహ్వా తాగకుండా కింద పెడతాడు. "నీ పని అయినట్టే, తాగు," అని ఇంటాయన అనేదాకా ముట్టడు. కాదంటే ఇంటాయనకు నలుగురిలో తలవంపులు. కప్పులు కడిగే మనిషికి ఇదంతా ఏం తెలుసులే అనుకున్నారు.

ఫిబ్రవరి ఇరవై ఆరు, విమోచన దినం. దివానియా నిండిపోయింది. బాబా ఓడను పెట్టెలోంచి తీయించి మధ్యలో పెట్టించాడు. కథ చివరికొచ్చింది. "పని కాగానే గౌరవంగా ఇంటికి పంపేశారు. ఇప్పుడు హవాయిలో ఉంది. అంత సేవ చేసినదానికి ఆ మాత్రం విశ్రాంతి ఇవ్వకపోతే మనం మనుషులమా?"

అందరూ తలలూపుతున్నారు. అప్పుడు తిరుపాలమ్మ లోపలికి వచ్చింది. మగవాళ్ళుండగా ఆడమనిషి అడుగుపెట్టే చోటు కాదది. చెప్పులు విడిచేచోట, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని నా వైపు చేయి చాచింది.

"పొయ్యి నాయనా."

బాబా చూసిన చూపుకే నా ఉద్యోగం ఊడిందని తెలిసిపోయింది. అయినా పోశాను. ఆమె కప్పు నేలమీద పెట్టింది.

"లేచి లోపలికి పో," అన్నాడు బాబా పళ్ళు బిగించి.

ఆమె అరబ్బీలోనే జవాబిచ్చింది. "ఓడను పంపేశారు బాబా. నన్నెప్పుడు పంపుతారు?"

"ఇన్నేళ్ళు నీకు అన్నం పెట్టాను."

"వండింది నేను."

గహ్వా చల్లారిపోయింది. వచ్చినవాళ్ళలో ఒక్కడూ ఆమె తరఫున నోరెత్తలేదు, పిరికి ముఖాలు. కానీ ఒక్కడూ తన కప్పు కూడా ముట్టలేదు. చివరికి బాబా ఉమ్మేసినట్టు అన్నాడు. "నీ పని అయినట్టే. తాగు."

"ముందు తెప్పించండి."

కొడుకు వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి ఆమె ముందు పడేశాడు. దాన్ని కళ్ళకద్దుకుని ఒళ్ళో పెట్టుకున్నాక కప్పు ఎత్తి తాగింది. ఆ ఇంట్లో ఆమె గహ్వా తాగడం అదే మొదలు.

ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. నాకదే ఆ ఇంటి చివరి ట్రిప్పు. బాబా గడపలోకి కూడా రాలేదు.

"ఆ ఓడను ఇప్పుడు జనాలు టికెట్ కొనుక్కోని సూస్తారంట గదా?" అంది దారిలో.

"అవు పెద్దమ్మా. పైకెక్కి తిరుగుతారంట."

"పాపం, దానికీ నెమ్మది లేదు."

ఆమె ఫోన్ మోగింది. రిగ్గైలో ఉండే బాబా కూతురు. మళ్ళీ నెల తప్పిందని ఇంట్లో అనుకుంటుంటే విన్నాను. తిరుపాలమ్మ ఆ పేరు చూసి, ఫోన్ నా ఒళ్ళో వేసింది.

"నువ్వే చెప్పు నాయనా. ఓడను పిలిపిచ్చుకోమను."